బొమ్మ రైలుబండ్ల హార్న్‌బీ

రేణిగుంట వంటి పెద్ద జంక్షన్‌లో కొంతసేపు నిలబడి చూసేవారికి రెండు రకాల ఇంజన్లు కనిపిస్తాయి. ఒకటి దూరప్రాంతాలకు పోయే మెయిలు బండిని లాగే ఇంజను. అది వచ్చేటప్పుడు ప్లాట్‌ఫారం మీది జనమంతా తల తిప్పి చూస్తారు. రెండవది యార్డులో ముందుకూ వెనుకకూ నెమ్మదిగా కదులుతూ, వ్యాగన్లను ఒక లైనులో విడదీసి మరొక లైనులో చేర్చే చిన్న ఇంజను. దానిని ఎవరూ పట్టించుకోరు. అయితే అది ఒక పూట ఆగిపోతే గూడ్సు బండి ఒక్కటీ బయలుదేరదు. ఈ కూర్పు పనినే షంటింగ్ అంటారు. భారతీయ రైల్వేల కోసం ఈ పనికే ప్రత్యేకంగా డబ్ల్యు.డి.ఎస్.-6 అనే తరగతి ఇంజన్లు తయారయ్యాయి. ఆ పేరులోని మొదటి అక్షరం బ్రాడ్‌గేజిని, రెండవది డీజిల్‌ను, మూడవది షంటింగ్‌ను తెలుపుతాయి.

ఈ చిన్న ఇంజను మీద మక్కువ పెంచుకొన్నవారు ప్రపంచమంతటా ఉన్నారు. బల్ల మీద పట్టేటంత యార్డు, అరచేతిలో ఇమిడే ఇంజను, అగ్గిపెట్టె కంటె కొంచెం పొడవైన వ్యాగన్లు అమర్చుకొని వారు గంటల తరబడి షంటింగ్ చేస్తారు. తాము చేసినదానిని తోటివారికి చూపి, వారు చేసినదానిని చూసి వస్తారు. ఒకప్పుడు సంపన్నుల ఇళ్ళకే పరిమితమైన ఈ అభిరుచిని మధ్యతరగతి ఇంటి నేల మీదికి దించినవారిలో ముందుగా చెప్పుకోదగినవాడు ఫ్రాంక్ హార్న్‌బీ. ఆయన ఇంజనీరు కాడు. రైల్వే ఉద్యోగి కాడు. మాంసం దిగుమతి చేసే ఒక వర్తకుని దగ్గర లెక్కలు రాసిన గుమాస్తా.

హార్న్‌బీ 1863 మే 15న ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో జన్మించాడు. తండ్రి జాన్ ఆహార పదార్థాల వ్యాపారి. తల్లి పేరు మార్తా. పుట్టిన ఊరే ఆ బాలునికి తొలి పాఠశాల అని చెప్పాలి. లివర్‌పూల్ పెద్ద ఓడరేవు. రేవులో ఎక్కడ చూసినా బరువులెత్తే క్రేన్లు, పట్టాల మీద సరుకు పెట్టెలు. ఆవిరి ఇంజన్ల చరిత్రలో ప్రసిద్ధి పొందిన రెయిన్‌హిల్ పోటీ 1829లో ఆ నగరానికి సమీపంలోనే జరిగింది. మరుసటి సంవత్సరమే లివర్‌పూల్, మాంచెస్టర్ నగరాల మధ్య రైలు మార్గం ప్రారంభమైంది. హార్న్‌బీకి ఎనిమిదేళ్ళ వయస్సులో, అంటే 1871లో, మన ప్రాంతం మీదుగా సాగిన మద్రాసు రైల్వే మార్గం రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసింది. రైలుబండి ఇంకా అందరికీ వింతగానే ఉన్న కాలమది.

ఆయన చదువు పదహారవ ఏట ముగిసింది. తండ్రి దుకాణంలో నగదు లెక్కలు చూసే పనిలో చేరాడు. చదువు ఆగినా కుతూహలం ఆగలేదు. స్వయంకృషితో పైకి వచ్చిన నిర్మాతల, శాస్త్రజ్ఞుల జీవితాలను వివరించిన శామ్యూల్ స్మైల్స్ గ్రంథాన్ని బాల్యంలోనే శ్రద్ధగా చదివాడు. ఆ పుస్తకం ఆనాడు మన దేశంలోనూ విరివిగా చదివినదే. ఆ ఉత్సాహంలో, ఒకసారి కదిలిస్తే ఎన్నటికీ ఆగకుండా తిరిగే యంత్రాన్ని చేయాలని హార్న్‌బీ కొంతకాలం తంటాలు పడ్డాడు. శక్తి నిత్యత్వ సూత్రం చదివిన విద్యార్థులకు ఆ ప్రయత్నం ఏమై ఉంటుందో చెప్పనక్కరలేదు. కాని పనిముట్లు పట్టడం, లోహాన్ని కోయడం, వంచడం ఆయనకు ఆ వ్యర్థ ప్రయాసలోనే అలవడినట్లున్నాయి.

1887లో ఆయన క్లారా అనే ఉపాధ్యాయినిని వివాహమాడాడు. వారికి రోలండ్, డగ్లస్ అనే ఇద్దరు కుమారులు, పట్రీషియా అనే కుమార్తె కలిగారు. 1899లో తండ్రి మరణించగా దుకాణం మూతపడింది. ముప్పై ఆరేళ్ళ వయస్సులో, భార్యాబిడ్డలతో, హార్న్‌బీ కొత్త ఉద్యోగం వెదుక్కోవలసి వచ్చింది. డేవిడ్ హ్యూ ఎలియట్ అనే మాంసం దిగుమతి వ్యాపారి ఆయనను లెక్కల గుమాస్తాగా చేర్చుకొన్నాడు. జీతం స్వల్పం. సంసారం గడవడమే కష్టం.

ఆ రోజుల్లోనే సాయంకాలాలు ఇంట్లో కూర్చొని కుమారుల కోసం రేకు ముక్కలు కత్తిరించి బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. వంతెన చేశాడు. బండి చేశాడు. క్రేను చేశాడు. పిల్లలు సంతోషించారు. అయితే తండ్రికి ఒక చిక్కు వచ్చిపడింది. వంతెన కోసం కోసిన ముక్క వంతెనకే పనికివస్తుంది. క్రేనుకు మళ్ళీ కొత్త ముక్కలు కోయాలి. ఎంత చేసినా పని తరగదు, రేకు మిగలదు. పిల్లలకేమో నిన్నటి బొమ్మ నేడు పాతబడుతుంది.

ఈ చిక్కు ఒక రైలు ప్రయాణంలో విడిపోయిందని ఆయన తరువాతి కాలంలో చెప్పుకొన్నాడు. క్రిస్మస్ పండుగకు బంధువుల ఇంటికి పోతూ, కిటికీలోంచి ఒక క్రేనును చూశాడట. దాని దూలాలను చూస్తుండగా, ఒకే కొలత గల పట్టీలకు సమాన దూరంలో రంధ్రాలు వేస్తే వాటినే విప్పి మళ్ళీ బిగించుకోవచ్చునన్న ఆలోచన తోచింది. ఇటువంటి కథలు చెప్పేకొద్దీ నునుపెక్కుతాయి కనుక, ఆ క్రేను సంగతి ఎలా ఉన్నా, ఆలోచన మాత్రం నిజంగా గొప్పది. అర అంగుళం వెడల్పు గల లోహపు పట్టీ. దానిలో అర అంగుళానికొక రంధ్రం. పట్టీలను కలపడానికి నట్లు, బోల్టులు. ఇందులో మరొక సూక్ష్మం ఉంది. ఆ రంధ్రంలో బోల్టు పెడితే అది అతుకు అవుతుంది. అదే రంధ్రంలో సన్నని కడ్డీ దూరిస్తే అది ఇరుసు అవుతుంది. ఇరుసు చివర చక్రం తగిలిస్తే బొమ్మ కదులుతుంది. అంటే ఒకే రంధ్రం నిలిపేదీ అయింది, తిప్పేదీ అయింది.

తిరుపతిలో అమ్మే ఎర్రచందనపు బొమ్మను చూడండి. అది ఒకే కొయ్యలో చెక్కినది. దానిలో శిల్పి చేతి నేర్పు ఉంటుంది. కొన్నవారు దానిని చూసి ఆనందిస్తారు, తరతరాలు దాచుకొంటారు. హార్న్‌బీ బొమ్మలో నేర్పంతా ఆడుకొనేవారి చేతికి వదిలిపెట్టారు. పెట్టెలో ఉన్నవి ముక్కలే. నేడు క్రేనైనది రేపు వంతెన కావచ్చు, ఎల్లుండి తయారీదారుడు కలలో కూడా ఊహించనిది కావచ్చు. రెండూ బొమ్మలే అయినా వాటి వెనుక ఉన్న భావన వేరు.

1900 చివరికి తన ముక్కల కూర్పు సిద్ధమైందని ఆయన నమ్మాడు. దానికి పేటెంటు పొందాలి. రుసుముకు చేతిలో డబ్బు లేదు. యజమాని ఎలియట్ దగ్గర 5 పౌన్లు అప్పు తీసుకొని 1901 జనవరిలో దరఖాస్తు చేశాడు. ఆ తరువాత తయారీదారుల చుట్టూ తిరిగాడు. నమూనా మొరటుగా ఉండడం వల్ల ఎవరూ ఆసక్తి చూపలేదు. ఇక్కడ ఎలియట్ గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. గుమాస్తా తన పని మానుకొని బొమ్మలు చేస్తున్నాడని కోపగించుకోవలసిన యజమాని, తన కార్యాలయం పక్కన ఖాళీగా ఉన్న గదిని అతనికి ఇచ్చి భాగస్వామిగా చేరాడు. లివర్‌పూల్‌లో ఇంజనీరింగ్ ఆచార్యుడైన హీల్-షా ఆ పెట్టెను పరిశీలించి, ఇది యంత్రశాస్త్రాన్ని బోధించగల సాధనమని మెచ్చుకొన్నాడు. 1902లో, యంత్రశాస్త్రాన్ని సులభం చేస్తామని చెప్పే పేరుతో ఆ పెట్టెలు అంగళ్ళకు చేరాయి. ఒక్కొక్క పెట్టెలో 16 రకాల ముక్కలు, 12 నమూనాలు చేసే విధానాన్ని తెలిపే చిన్న కరపత్రం ఉండేవి.

1903లో 1,500 పెట్టెలు అమ్ముడుపోయాయి. లాభం మాత్రం రాలేదు. తొలిసారి కాస్త లాభం కనిపించినది 1906లో. ఆ నాలుగేళ్ళూ ఆయన పగలు లెక్కలు రాస్తూ, రాత్రులు ఈ వ్యాపారం చూస్తూ గడిపాడు. 1907లో గిరాకీ పెరిగి, ముక్కలు చేసి ఇచ్చేవారు అందించలేని స్థితి రావడంతో ఉద్యోగం వదిలి, లివర్‌పూల్‌లోని డ్యూక్ వీధిలో అద్దె గదులలో సొంతంగా తయారీ మొదలుపెట్టాడు. ఆ సెప్టెంబరులోనే మెకానో అనే పేరును నమోదు చేయించాడు. 1908లో కంపెనీ ఏర్పడేనాటికి ఎలియట్ పక్కకు తప్పుకొన్నాడు. తొలి 5 పౌన్లిచ్చినవాడు, గది ఇచ్చినవాడు, ఫలం చేతికందే వేళ తొలగిపోయాడు. చరిత్రలో ఇటువంటివారి పేర్లు చిన్న అక్షరాలలోనే మిగులుతాయి.

తరువాతి ఎదుగుదల వేగంగా జరిగింది. 1912లో పారిస్‌లో శాఖ వెలసింది. 1914లో లివర్‌పూల్‌లోని బిన్స్ రోడ్డులో పెద్ద కర్మాగారం సిద్ధమైంది. 1916లో మెకానో పత్రిక మొదలైంది. తొలి సంవత్సరాలలో సంపాదకత్వం కూడా హార్న్‌బీయే వహించాడు.

ఆయనను రైలుబండ్ల వైపు మళ్ళించినది మొదటి ప్రపంచ యుద్ధమే. అంతకుముందు బొమ్మ రైళ్ళలో జర్మనీదే పైచేయి. మేర్‌క్లిన్ కంపెనీ, నూరెంబర్గ్ నగరానికి చెందిన బింగ్ కంపెనీ తయారుచేసిన రేకు ఇంజన్లు ఐరోపా అంతటా అమ్ముడయ్యేవి. హార్న్‌బీ సైతం కీ ఇస్తే తిరిగే స్ప్రింగు మోటార్లను మేర్‌క్లిన్ నుంచే తెప్పించుకొనేవాడు. యుద్ధంతో ఆ దిగుమతులు నిలిచిపోయాయి. యుద్ధం ముగిసిన పిమ్మట కూడా జర్మన్ వస్తువులను కొనడానికి బ్రిటిషు ప్రజలు ఇష్టపడలేదు. అంగడిలో ఏర్పడిన ఆ ఖాళీని హార్న్‌బీ గమనించాడు. 1920లో తన పేరుతో మొదటి రైలుబండిని విడుదల చేశాడు. ఇతరులు రేకును అతికి ఇంజను చేస్తే, ఆయన తన పాత సూత్రాన్నే ఇక్కడా పాటించాడు. ఆ ఇంజను నట్లు, బోల్టులతో బిగించినది. పిల్లవాడు దానిని విప్పి లోపల ఏముందో చూసి మళ్ళీ బిగించుకోవచ్చు. కొన్నేళ్ళకు, తయారీ సులభం కావడానికి, ఈ పద్ధతిని వదిలి రేకు చెవులను మడిచి బిగించే పద్ధతికి ఆయన కంపెనీ మారింది. వ్యాపారం దృష్ట్యా అది సబబే కావచ్చు. అయినా, ఏదో ఒకటి పోయిందనిపిస్తుంది.

ఇక్కడ గేజి అనే మాటను గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. పట్టాల మధ్య దూరమే గేజి. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. కాట్పాడి నుంచి పాకాల మీదుగా తిరుపతికి వచ్చే మార్గం ఒకప్పుడు మీటరు గేజి. అంటే 1,000 మిల్లీమీటర్లు. ఒక గేజి వ్యాగను మరొక గేజి మీద నడవదు కనుక, రెండూ కలిసే చోట సరుకంతా దింపి మళ్ళీ ఎక్కించవలసి వచ్చేది. గేజి కలవకపోతే ఎంత కష్టమో మన ప్రాంతపు పెద్దలకు బాగా తెలుసు. బొమ్మ రైలుకూ అదే నియమం. హార్న్‌బీ ఎంచుకొన్నది అప్పటికే వాడుకలో ఉన్న ఓ గేజి. దాని పట్టాల మధ్య దూరం సుమారు 32 మిల్లీమీటర్లు. దానివల్ల ఒక పిల్లవాని వ్యాగన్లు ఎదురింటి పిల్లవాని పట్టాల మీద నడిచాయి. ఇద్దరూ తమ పట్టాలను కలిపితే రెండింతల రైలు మార్గం తయారైంది. అర అంగుళం రంధ్రం మెకానోకు ఎటువంటిదో, ఈ 32 మిల్లీమీటర్ల గేజి బొమ్మ రైలుకు అటువంటిది. ఒకరి ఆట మరొకరి ఆటతో కలవడానికి కావలసినది ఒక ఉమ్మడి కొలత.

1920 దశకం ఆరంభంలోనే హార్న్‌బీ జాబితాలో నాలుగు చక్రాల చిన్న ట్యాంకు ఇంజన్లు చేరాయి. ట్యాంకు ఇంజను అంటే బొగ్గునూ నీటినీ వెనుక వేరే బండిలో కాక తన మీదనే మోసుకొనేది. నిజమైన రైల్వేలలో యార్డు పనికి, దగ్గరి ప్రయాణాలకు దానిని వాడేవారు. వెనుక అడ్డు లేనందువల్ల అది ఏ దిక్కుకైనా సమానంగా నడుస్తుంది. పొడవు తక్కువ కాబట్టి ఇరుకు మలుపుల్లో ఇబ్బంది పడదు. ఇంటిలోని ఆటకూ ఇవే గుణాలు కావాలి. హార్న్‌బీ పట్టాల మలుపు వ్యాసార్థం 2 అడుగులు, అంతకంటె ఇరుకైన వాటిలో 1 అడుగు మాత్రమే. పెద్ద ఎక్స్‌ప్రెస్ ఇంజనుకు ఆ ఇరుకు మలుపు సరిపడదు. నాలుగు చక్రాల ఇంజను మాత్రం మంచం కాళ్ళ మధ్యగా కూడా తిరిగిపోతుంది. ధర కూడా తక్కువ. అందుచేత ఎందరో పిల్లల చేతికి అందిన మొదటి ఇంజను ఈ చిన్నదే.

తక్కువ ధరది కదా అని ఆ ఆట తక్కువది కాదు. నా అభిప్రాయంలో అసలైన ఆట అదే. గుండ్రటి పట్టాల మీద ఎక్స్‌ప్రెస్ బండి పది చుట్లు తిరిగేసరికి చూసేవారికి విసుగు పుడుతుంది. షంటింగ్‌లో విసుగుకు చోటు లేదు. ఇంజను గదిలోని రెండు చిన్న మీటల్లో ఒకటి ముందుకో వెనుకకో నడిపిస్తుంది, రెండవది ఆపుతుంది. పాయింట్లను మార్చే మీట పట్టాల పక్కన ఉంటుంది. పాల వ్యాగను సైడింగ్ లోపలి కొసన ఉంది. దాని ముందు బొగ్గు వ్యాగన్లు రెండు నిలిచి ఉన్నాయి. పాలు ముందు పోవాలి. ఇప్పుడు ఏ వ్యాగనును ఎటు లాగాలి, ఏ లైనులో విడిచిపెట్టాలి, ఇంజను ఏ వైపు మిగలాలి? స్ప్రింగులో కీ అయిపోయేలోపు ఈ కదలికలన్నీ ముగించాలి. ఒక్క కదలిక తప్పితే మొత్తం మళ్ళీ మొదటికి వస్తుంది. చదరంగంలో వలె ఇక్కడా రెండు మూడు ఎత్తులు ముందుగా చూడాలి. తేడా ఒక్కటే, ఇక్కడ పావులు ఒకదాని వెనుక ఒకటి తగిలించుకొని ఉంటాయి.

కీ ఇంజనుతో తృప్తిపడక హార్న్‌బీ కంపెనీ 1925లో మొదటి విద్యుత్ రైలును తెచ్చింది. లండను మెట్రోపాలిటన్ రైల్వే ఇంజను దానికి నమూనా. ఇంటి గోడలోని కరెంటునే, మధ్యలో ఒక బల్బును ఉంచి, నేరుగా పట్టాలకు అందించే ఏర్పాటు అది. పిల్లలు చేతులు పెట్టే పట్టాలలో అంత విద్యుత్తు ప్రవహించడం ఎంత ప్రమాదమో భౌతికశాస్త్ర విద్యార్థులు గ్రహించగలరు. ఆ ఏర్పాటు ఎక్కువ కాలం నిలవలేదు. తరువాత వచ్చిన విద్యుత్ రైళ్ళు తక్కువ వోల్టేజీతో నడిచాయి.

వస్తువును అమ్మడంతో తన పని తీరిందని హార్న్‌బీ అనుకోలేదు. ఈ ఇష్టం ఒంటరిగా ఉంటే చల్లారిపోతుందని ఆయనకు తెలుసు. 1919లో మెకానో సంఘాన్ని, 1928లో హార్న్‌బీ రైల్వే కంపెనీ అనే పేరుతో మరొక సంఘాన్ని ఏర్పాటు చేయించాడు. రెండవది పేరుకే కంపెనీ. నిజానికి బొమ్మ రైళ్ళున్న పిల్లల సమాఖ్య. చేరినవారికి ఒక బిళ్ళ, ఒక యోగ్యతాపత్రం లభించేవి. ఊరూరా శాఖలు ఏర్పడ్డాయి. ఒకడు స్టేషను మాస్టరు, ఒకడు సిగ్నల్ చూసేవాడు, ఒకడు యార్డులో షంటింగ్ చేసేవాడు; టైంటేబుల్ రాసుకొని దాని ప్రకారం బండ్లు నడిపేవారు. ఇంట్లో ఒక్క ఇంజనే ఉన్న పిల్లవానికి కూడా సంఘంలో ఒక పూర్తి రైల్వే దొరికింది. ఒక చోటివారు కనుగొన్న చిట్కా పత్రిక ద్వారా సముద్రాలు దాటి మరొక చోటివారికి చేరింది. వ్యాపారానికి ఇది లాభమే, సందేహం లేదు. అయినా లాభం ఒక్కటే అయితే అంతమంది పిల్లలు అంతకాలం అంటిపెట్టుకొని ఉండేవారు కారు.

ఆయన కృషిలోని కొరతలను కూడా చెప్పుకోవడం న్యాయం. కంపెనీ ప్రకటనలు చాలాకాలం మగపిల్లలనే సంబోధించాయి. పెట్టె మూతల మీది చిత్రాల్లో సాధారణంగా తండ్రి, కొడుకు కనిపిస్తారు. ఇంతకూ బిన్స్ రోడ్డు కర్మాగారంలో ఆ ముక్కలకు రంగులు వేసి, ఆ ఇంజన్లను కూర్చినవారిలో స్త్రీలే ఎందరో ఉన్నారు. వారి చేతుల్లో రూపుదిద్దుకొన్న యంత్రం వారి కుమార్తెల కోసం కాదని ఆ మూత చెప్పింది. అలాగే పెద్ద పెట్టెల ధర పనివారి జీతానికి అందేది కాదు. హార్న్‌బీ తొలిరోజుల్లో తానే గుమాస్తాగా ఉన్నప్పుడు తన పెద్ద పెట్టెను తాను కొనగలిగేవాడా అన్నది ఆలోచించదగినదే.

మెకానో ముక్కలు ఆటగదిని దాటి ప్రయోగశాలకు చేరడం ఆయన కళ్ళతో చూశాడు. 1934లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో డగ్లస్ హార్ట్రీ అనే ఆచార్యుడు, ఆర్థర్ పోర్టర్ అనే విద్యార్థి కలిసి, అవకలన సమీకరణాలను సాధించే యంత్రాన్ని చాలావరకు మెకానో ముక్కలతోనే నిర్మించారు. అసలు యంత్రానికి వేల పౌన్లు ఖర్చయ్యే చోట, వారి నమూనాకు 20 పౌన్లతో సరిపోయింది. సైన్సు విద్యార్థులు ఒక్క క్షణం ఆలోచించవలసిన విషయమిది. గుమాస్తా తన పిల్లల కోసం వేసిన రంధ్రాలు ముప్పై ఏళ్ళ తరువాత గణకయంత్రానికి పునాది అయ్యాయి.

రైలు మార్గం పక్కన ఉంచడానికి కార్లు, లారీలు, మనుషుల బొమ్మలు కూడా కావాలని కంపెనీ 1930 దశకం ఆరంభంలో చిన్న చిన్న నమూనాలు చేయసాగింది. 1934 నుంచి అవే డింకీ బొమ్మలుగా ప్రసిద్ధి పొంది, రైళ్ళను మించిన గిరాకీ సంపాదించాయి. 1931లో హార్న్‌బీ ఎవర్టన్ నియోజకవర్గం నుంచి కన్సర్వేటివ్ పార్టీ తరఫున బ్రిటిషు పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 1935 వరకు సభ్యునిగా ఉన్నాడు. రాజకీయాల్లో ఆయన చేసినది చెప్పుకోదగినంత లేదు. అప్పటికే ఆయన లక్షాధికారులను దాటినవాడు. లివర్‌పూల్ సమీపంలోని మగల్ అనే ఊరిలో స్థిరపడ్డాడు. చాలాకాలంగా ఉన్న గుండె జబ్బుకు మధుమేహం తోడు కాగా 1936 సెప్టెంబరు 21న మరణించాడు. ఆయన వయస్సు 73 సంవత్సరాలు.

రెండేళ్ళకు, 1938లో, కంపెనీ 16.5 మిల్లీమీటర్ల గేజితో డబ్లో అనే చిన్న రైళ్ళను విడుదల చేసింది. గేజి సగమైంది కనుక, ఒక బల్ల మీదే యార్డు పట్టింది. 1964లో కంపెనీ లైన్స్ బ్రదర్స్ అనే పోటీ సంస్థ చేతికి పోయింది. 1979లో బిన్స్ రోడ్డు కర్మాగారం మూతపడింది. హార్న్‌బీ అన్న పేరు మాత్రం బొమ్మ రైళ్ళ మీద నిలిచిపోయింది. ఆ పేరుతో వచ్చిన నమూనాల్లో బ్రిటిషు రైల్వేల 08 తరగతి డీజిల్ షంటింగ్ ఇంజను ఒకటి. 1952-62 సంవత్సరాల మధ్య అటువంటి నిజమైన ఇంజన్లు 996 తయారయ్యాయి. చతురస్రాకారపు ముక్కుతో, మూడు జతల చక్రాలతో, ఏమాత్రం అందం లేని ఆ యంత్రానికి అభిమానులు మాత్రం మెండు.

ఆ అభిమానులు నేటికీ ఆడే ఆట ఒకటి ఉంది. ఇంగ్లండుకు చెందిన ఆలన్ రైట్ అనే అభిరుచిగల నమూనా నిర్మాత దానిని రూపొందించాడు. మూడు సైడింగ్‌లు ఉంటాయి. ఒకదానిలో 5 వ్యాగన్లు, తక్కిన రెండింటిలో మూడేసి వ్యాగన్లు పడతాయి. ఎదుటి లైనులో ఇంజనుకూ 3 వ్యాగన్లకూ మాత్రమే చోటు. మొత్తం ఉన్నవి 8 వ్యాగన్లు. చీట్లు తీసి, వచ్చిన వరుసలోనే 5 వ్యాగన్ల బండిని పెద్ద సైడింగ్‌లో కూర్చాలి. ప్రస్తారాల పాఠం చదివినవారు లెక్కించవచ్చు. 8 వ్యాగన్ల నుంచి 5 వ్యాగన్ల వరుసలు 8×7×6×5×4, అంటే 6,720 ఏర్పడతాయి. రోజుకొక వరుస చొప్పున ఆడినా పద్దెనిమిదేళ్ళు దాటుతుంది. పట్టాలు, చక్రాలు దొరకనివారు నోటుపుస్తకంలో గీతలు గీసుకొని, ఎనిమిది అట్టముక్కల మీద పేర్లు రాసుకొని ఆడవచ్చు. నియమం ఒక్కటే: వ్యాగనును చేతితో ఎత్తి పక్కన పెట్టరాదు, ఇంజనుతోనే లాగాలి, ఇంజనుతోనే నెట్టాలి.